మూలాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన ఆటగాడు

అండమాన్ దీవుల్లో శ్రీ విజయపురానికి (2024 వరకూ అది పోర్ట్‌బ్లెయిర్) చేరువనున్న ఆస్టినాబాద్‌లో మా అక్కగారి ఇల్లు. కిందటి వేసవిలో అక్కడికి వెళ్ళినప్పుడు మేనల్లుడు ఒక పాత వీడియో ఆటను చూపించాడు. 2005లో నింటెండో గేమ్‌క్యూబ్ యంత్రం కోసం వెలువడి, తరువాత కంప్యూటర్లకు కూడా వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్ 4’ అది.

“చూడు మామయ్యా, ఇది రాతిగోడలా ఉందా?” అన్నాడు.

లేదు. మైనం పూసినట్టు నున్నగా ఉంది. బొమ్మలను పెద్దవి చేసే కృత్రిమ మేధతో ఆ గోడకు తానే మెరుగు పెట్టానని చెప్పాడు.

ఈ ఆటల్లో కనబడే గోడ, తలుపు, మనిషి అన్నీ నిజానికి బోలు ఆకారాలే. బొమ్మల కొలువులో అట్టపెట్టెకు రంగుకాగితం అంటించినట్టు వాటిపై చదునైన చిత్రాలు అతికిస్తారు. వాటినే టెక్స్చర్లు అంటారు. గేమ్‌క్యూబ్ డిస్కు ఒక్కొక్కదానిలో పట్టేది సుమారు ఒకటిన్నర గిగాబైట్లు. అందుచేత చిత్రాలను బాగా కుదించవలసి వచ్చింది. నాటి టెలివిజన్‌పై ఆ లోపం అంతగా కనబడలేదు; నేటి పెద్ద తెర దానిని దాచలేదు.

చిత్రాన్ని నిలువునా అడ్డంగా నాలుగింతలు పెంచితే, అందులోని చుక్కలు పదహారింతలు కావాలి. లేని చుక్కలు ఎక్కడనుంచి వస్తాయి? యంత్రం వాటిని ఊహించి నింపుతుంది. ఊహ తప్పితే రాయి మైనమవుతుంది, అక్షరాలు పిచ్చిగీతలవుతాయి.

స్పెయిన్ దేశస్థుడు ఆల్బర్ట్ మరీన్ మరొక దారి తొక్కారు. ఆటలోని చిత్రాలెన్నో వాస్తవమైన కట్టడాల ఫొటోలనుంచి పుట్టినవే. ఆయన ఆ కట్టడాలను ఒక్కొక్కటిగా గుర్తించి, స్పెయిన్‌లోనూ వేల్స్‌లోనూ స్వయంగా తిరిగి, అవే రాళ్ళను మళ్ళీ ఫొటో తీశారు. సహచరులతో కలిసి సుమారు ఎనిమిదేళ్ళు శ్రమించి, 2022 ఫిబ్రవరి 2న ఫలితాన్ని అభిమానులకు ఉచితంగా అందించారు.

మూలానికి హక్కుదారులు కూడా ఉంటారు. తన 1996 నాటి ‘సర్ఫెసెస్’ గ్రంథంలోని ఫొటోలను అనుమతి లేకుండా ఆటల్లో వాడారని అమెరికన్ రచయిత్రి జూడీ జురాసెక్ 2021లో నిర్మాణసంస్థ క్యాప్‌కామ్‌పై దావా వేశారు. మరుసటి ఏడాది ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

అనువాదకుడినైన నాకు మరీన్ కృషి పరాయిదిగా తోచలేదు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించిన సి. పి. బ్రౌన్ అంతకుముందు పలు ప్రతులను పోల్చి చూశారు. చెడిపోయిన పాఠాన్ని కల్పనతో పూరించడం సులభం. మరొక ప్రతికోసం వెతకడం కష్టం. 2023లో క్యాప్‌కామ్ ఇదే ఆటను సరికొత్తగా పునర్నిర్మించింది. అది అనుసరణ వంటిది. మరీన్ చేసినది పరిష్కరణ: ఆట అదే, మసక మాత్రం తొలగింది.

ఇటువంటి చిత్రాల మూట అనేక గిగాబైట్ల బరువు. 2020 ఆగస్టులో చెన్నైనుంచి సముద్రగర్భ కేబుల్ రాకమునుపు, ప్రధానంగా ఉపగ్రహంపైనే ఆధారపడిన ఈ దీవుల్లో దానిని దింపుకోవడం గగనమే. మా వాడు ఒక రాత్రిలో దింపుకున్నాడు. తన మైనపు గోడను తీసివేసి, మరీన్ గోడను నిలిపాడు.

తెల్లవారి నన్ను పిలిచి, రాతిమీది ఒక సన్నని పగులును వేలితో చూపించాడు.

“ఇది నేను కల్పించింది కాదు మామయ్యా. నిజంగా ఎక్కడో ఉంది.”