రెండంకెల మధ్య ఎడం

1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రెండింటి మధ్య దూరం 400 గజాలే! ప్రయోగశాలలో పనిచేసే వాన్ జాకబ్‌సన్, ఎందుకింత ఘోరంగా కుప్పకూలిందో తేల్చాలని పట్టుబట్టారు. లైను మీద పోయే ప్యాకెట్లను పట్టి గీసి చూస్తే జవాబు దొరికింది.

అది అర్థం కావాలంటే ముందు, నెట్‌వర్క్‌లో డేటాను చేరవేసే పద్ధతి అయిన టీసీపీ ఇచ్చే రసీదు చూడాలి. దాన్ని యాక్ అంటారు. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ప్రతిపాదించిన టీసీపీలో లెక్కంతా బైట్లదే. యాక్‌లో ఉండే అంకె చివరగా ముట్టిన బైటుది కాదు, ఇక రావలసిన బైటుది. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే.

ఒక్కో ప్యాకెట్‌లో 1460 బైట్లు పోతున్నాయనుకుందాం. మొదటిది 1తో, రెండోది 1461తో మొదలవుతాయి. రెండూ ముట్టాక అవతలి నుంచి యాక్ 2921 వస్తుంది. రెండింటికీ కలిపి ఒకటే రావడం మామూలే. ఇప్పుడు 2921తో మొదలయ్యే మూడోది దారిలో పోయింది. దాని వెనక 4381, 5841, 7301 చేరాయి. ప్రతిదానికీ జవాబు మళ్ళీ యాక్ 2921. ఒకే అంకె ఇలా మూడుసార్లు తిరిగి రాగానే, యాక్ కోసం పెట్టుకున్న గడువు తీరేదాకా ఆగకుండా పంపేవాడు ఆ ఒక్క ప్యాకెట్‌ను మళ్ళీ పంపుతాడు. తర్వాతి యాక్ ఒక్క గెంతులో 8761కి చేరుతుంది. పట్టిన ప్యాకెట్ల వరుసలో, అంటే ట్రేస్‌లో, ఆ గెంతు చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది.

జాకబ్‌సన్ ప్రచురించిన ఒక ట్రేస్‌లో ఇంత పొందిక లేదు. 54 నుంచి 58 కిలోబైట్ల దాకా ఉన్న భాగం ఐదుసార్లు వెళ్ళింది. ఉన్న వేగంలో 35 శాతమే అక్కరకొచ్చింది, మిగతాదంతా పంపిందే మళ్ళీ పంపడానికి ఖర్చయింది. నెట్‌వర్క్ కుప్పకూలింది ఇలాంటి వృథాతోనే.

ఆయన ఊహలో గొప్పతనం యాక్‌ను గడియారంగా చూడటం. దారిలో ఇరుకైన చోట ప్యాకెట్లు ఎంత ఎడంతో బయటపడతాయో, యాక్‌లూ దాదాపు అంతే ఎడంతో తిరిగొస్తాయి. ఒక ప్యాకెట్ నెట్‌వర్క్ దాటిపోయిందని యాక్ చెబితేనే ఇంకొకటి లోపలికి వదలాలి. మరి మొదట్లో యాక్‌లే ఉండవు కదా? అందుకని ఒక్క ప్యాకెట్‌తో మొదలుపెట్టి, వచ్చిన ప్రతి యాక్‌కూ ఒకటి చొప్పున పెంచుతూ పోవాలి. మైఖేల్ కారెల్స్‌తో కలిసి ఆయన బర్క్‌లీ యూనిక్స్‌లో పెట్టిన ఈ మార్పుల వివరాలు 1988లో అచ్చయ్యాయి. క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్‌లతో కలిసి ఆయన, ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ అనే ప్రోగ్రామ్ రాసిందీ ఆ రోజుల్లోనే.

ఇవాళ దానితోనో, అలాంటిదే అయిన వైర్‌షార్క్‌తోనో ఎవరైనా ఇవన్నీ చూడవచ్చు. ఎక్కడ పట్టారన్నది మాత్రం మరవకూడదు. పంపే యంత్రం దగ్గర పట్టిన ట్రేస్‌లో దారిలో పోయిన ప్యాకెట్ కూడా కనిపిస్తుంది, డేటాకూ యాక్‌కూ మధ్య ఎడంలో రానూపోనూ పట్టిన సమయమంతా ఉంటుంది. అందుకునే వైపు పట్టిన దాంట్లో ఆ ప్యాకెట్ జాడే ఉండదు, డేటా రాగానే దాదాపు వెంటనే యాక్ బయల్దేరినట్టు కనిపిస్తుంది.