అశ్వారోహణంలో దంశనివారణం – ఆవరణవస్త్ర నిర్ణయం

రఘువంశ ద్వితీయ సర్గలో దిలీపుడు నందినీధేనువుకు చేసిన పరిచర్యను కాళిదాసు కొన్ని అంగాలుగా విభజించి చెప్పాడు. రుచిగల గడ్డి పరకలు అందించడం, ఒడలు గోకడం, దంశాలను తోలడం, స్వేచ్ఛగా తిరుగనివ్వడం అందులోనివి. చక్రవర్తి చేసిన సేవలో ఆహారదానంతోపాటు దంశనివారణానికి సమానస్థానం లభించడం గమనింపదగినది. నోరులేని జంతువుకు ఆకలి ఎంత బాధో, విడువక కుట్టే ఈగ కూడ అంత బాధ అని కవి ఎరిగినవాడు.

గోవు విషయంలో చెప్పిన ఈ ధర్మం అశ్వం విషయంలో మరింత జటిలమవుతుంది. మేత మేస్తున్న గోవు తనను తాను కొంత కాపాడుకోగలదు. రౌతు వీపుపై ఉన్న గుర్రానికి ఆ స్వాతంత్ర్యం లేదు. దాని రక్షణసాధనాలను మనుష్యుడు హరించాడు కాబట్టి వాటికి బదులు మరొక సాధనాన్ని కల్పించే బాధ్యత అతనిదే. ఆ సాధనాలలో ఒకటి, స్వారీ సమయంలో గుర్రానికి కప్పే వలవస్త్రం. ఐరోపా దేశాలలో, ప్రధానంగా ఇంగ్లండులో, వేసవి స్వారీలో ఇది పరిపాటి అయినది. దాని స్వరూపాన్ని, ఎంపికలో పాటింపవలసిన నియమాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

దంశం – వాలహస్తం

అమరసింహుడు దంశానికి వనమక్షిక అని పర్యాయం చెప్పాడు. ఇంటి ఈగకు, అడవి ఈగకు భేదాన్ని ఈ పర్యాయమే సూచిస్తున్నది. తెలుగులో జోరీగ అనే పేరు ధ్వనిని బట్టి ప్రసిద్ధం. పశువుల రక్తాన్ని పీల్చే పెద్ద ఈగలకు ఈ మాట చక్కగా సరిపోతుంది. వీటిలో రక్తం త్రాగేది ఆడుఈగ మాత్రమే. అండోత్పత్తికి ఆ రక్తం దానికి అవసరం.

అమరకోశంలోనే క్షత్రియవర్గంలో కళ్లెం, గిట్ట మొదలైన అశ్వసంబంధ పదాల నడుమ తోకకు వాలహస్తమని ఒక పేరు కనబడుతుంది. వెండ్రుకలే చేయిగా గలది అని దాని అర్థం. ఈ సార్థకనామం గుర్రపు స్వభావరక్షణను ఒక్క మాటలో వివరిస్తున్నది. తోక చేరగలిగిన జఘనభాగాన్ని, తొడలను తోకయే కాపాడుతుంది. తోకకు అందని మొండెంపై, భుజప్రదేశంపై చర్మం క్రింద పలుచని కండరపొర ఒకటి వ్యాపించి ఉంటుంది. ఈగ వాలిన తక్షణమే అక్కడి చర్మం గగుర్పొడిచినట్లు కంపించి దానిని లేపివేస్తుంది. మెడకు జూలు, కన్నులకు నొసటి కుచ్చు అండ. కాళ్లపై వాలితే గుర్రం గిట్టను నేలకేసి కొడుతుంది. ప్రక్కలపై వాలితే మెడ త్రిప్పి మూతితో తోలుతుంది.

స్వారీలో ఈ వ్యవస్థ చాలవరకు భగ్నమవుతుంది. పగ్గాలు మెడను వెనుకకు తిరుగనీయవు. జీను వీపును కప్పుతుంది. తల విదిలిస్తే అవిధేయతగా, కాలు తాటిస్తే మొండితనంగా రౌతు పొరబడుతాడు. శిక్ష పొందిన గుర్రం మరింత కలత చెందుతుంది. జోరీగ కాటుకు గుర్రం ఒక్కసారిగా దూకినా, కడుపుపై వాలిన ఈగను వెనుక కాలితో తన్నబోయి తూలినా రౌతు పడిపోయే ప్రమాదం ఉన్నది. కనుక దంశనివారణం అశ్వానికే కాదు, ఆరోహకునికీ రక్షణమే.

బాధకు మించిన హాని

కాటు క్షణికమైన నొప్పి మాత్రమే అయితే ఇంత విచారణ అవసరం లేదు. 1880లో నాటి పంజాబులోని డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు సర్రా రోగంతో బాధపడే గుర్రాల, ఒంటెల రక్తంలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నాడు. దానికి ఆయన పేరనే ట్రిపనోసోమా ఎవాన్సి అని నామకరణం జరిగింది. ఒక పశువు రక్తం త్రాగుతూ మధ్యలో తరుమబడిన జోరీగ, తడి ఆరని మూతితో మరొక పశువుపై వాలినపుడు ఈ వ్యాధి సంక్రమిస్తుంది. గుర్రాల సాంక్రామిక రక్తహీనత కూడ ఈ విధంగానే వ్యాపిస్తుంది.

నలుసులవంటి క్యులికాయిడీస్ దోమలు మరొక వర్గం. వీటి పొడవు 1 నుండి 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఆఫ్రికా అశ్వరోగానికి ఇవే వాహకాలు. 1960 ప్రాంతంలో పశ్చిమాసియాను, భారతదేశాన్ని ఆ రోగం చుట్టుముట్టి అపారమైన అశ్వనష్టం కలిగించింది. 2020లో థాయిలాండులో అది తలయెత్తినపుడు టీకాలతోపాటు అశ్వశాలలకు సన్నని వలలు కట్టడం కూడ నివారణచర్యలలో చేరింది. ఈ రోగాలు లేని దేశాలలో సైతం ఆ దోమల లాలాజలం పడక కొన్ని గుర్రాలకు తీవ్రమైన దురద వ్యాధి కలుగుతుంది. జూలు, తోక మొదలు రాపిడికి ఊడిపోయి పుండ్లు పడతాయి. ఐస్లాండులో పుట్టి ఇతర ఐరోపా దేశాలకు ఎగుమతి అయిన గుర్రాలలో ఇది మరింత అధికం.

భూషణావరణం – రక్షణావరణం

వాహనానికి వస్త్రం కప్పడం భారతీయులకు క్రొత్త కాదు. ప్రవేణి, ఆస్తరణం, పరిస్తోమం, కుథం అనే పదాలను అమరుడు కూర్చి చెప్పాడు. అయితే ఇవి ప్రధానంగా గజపృష్ఠంపై పరచే చిత్రకంబళాలు. వాటి ప్రయోజనం శోభ, గౌరవచిహ్నం, ఆసనసౌఖ్యం. అభిజ్ఞానశాకుంతల ప్రథమాంకంలో రథాశ్వాల తలలపై చామరాలు వర్ణింపబడినవి. ఈగలను తోలే చామరం అక్కడ అలంకారమైనది.

అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్ష ప్రకరణంలో శాలానిర్మాణం, మేత, దినానికి రెండుమార్లు స్నానం, గంధమాల్యధారణ విహితమైనవి. స్వేదమలినాలు తొలగిన శరీరంపై ఈగల ముసురు తగ్గుతుందన్నది నేటికీ అనుభవసిద్ధం. అశ్వశరీర పరిశుభ్రత దంశనివారణానికి తొలిమెట్టు. వస్త్రం తరువాతి మెట్టు. జయదత్తుని అశ్వవైద్యకం, నకులుని పేర ప్రసిద్ధమైన అశ్వచికిత్సితం, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణసారం వంటి గ్రంథాల పాఠకులకు ఈ క్రమం అపరిచితం కాదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా, అమెరికా దేశాలలో బండిగుర్రాలకు తోలుత్రాళ్ల వలలు, నూలువలలు కప్పేవారు. గుర్రం నడిచేకొద్దీ వ్రేలాడే త్రాళ్లు ఊగి ఈగలను వాలనీయవు. అనగా ఆ వల కృత్రిమ వాలహస్తం. నేటి స్వారీవస్త్రం దానికి వంశజమే అయినా, కృత్రిమ తంతువులతో అల్లిన పలుచని జాలిగుడ్డతో తయారవుతుంది.

వస్త్రనిర్ణయ నియమాలు

మొదటిది ఆకృతి. బయలులో మేసే గుర్రానికి కప్పే వస్త్రం స్వారీకి పనికిరాదు. అది వీపునంతటినీ కప్పుతుంది. జీను క్రింద ముడుతలు పడి వీపు ఒరుసుకొనేటట్లు చేస్తుంది. స్వారీవస్త్రంలో జీనుకు, రౌతు కాళ్లకు తగిన ఖాళీ కత్తిరించి ఉంటుంది. అది జీను ముందుభాగంలో పట్టీలతో కలిసి, వెనుక తోక క్రింద ఒక త్రాటితో నిలుస్తుంది. కొన్నింటికి మెడకప్పు, కడుపుకప్పు అదనంగా ఉంటాయి. జఘనాన్ని మాత్రమే కప్పే అర్ధవస్త్రం చలికాలపు వ్యాయామానికి ఉద్దిష్టమైనది. దంశనివారణంలో దాని ప్రయోజనం స్వల్పం.

రెండవది రంధ్రపరిమాణం. ఏ కీటకాన్ని ఆపదలచామో దానిని బట్టి జాలిని ఎన్నుకోవలె. జోరీగను పెద్ద కన్నుల జాలి కూడ ఆపుతుంది. క్యులికాయిడీస్ దోమ అందులోనుండి సులభంగా దూరుతుంది. దానికి అతిసూక్ష్మమైన అల్లిక కావాలి. అయితే అల్లిక దట్టమయ్యేకొద్దీ గాలి తక్కువగా ఆడుతుంది. ఈ రెండు గుణాల వైరుధ్యమే వస్త్రనిర్ణయంలో కీలకం.

మూడవది ఉష్ణం. శ్రమించే కండరాలు వినియోగించే శక్తిలో అధికభాగం వేడిగా మారుతుంది. గుర్రం ఆ వేడిని ముఖ్యంగా చెమట ఆవిరి కావడం వల్ల పోగొట్టుకుంటుంది. ఆ ఆవిరిని అడ్డగించే వస్త్రం ఈగకంటె పెద్ద శత్రువు. విశ్రాంతిలో గుర్రపు ఉష్ణోగ్రత సుమారు 37.5 నుండి 38.5 సెల్సియస్ డిగ్రీలు. వస్త్రధారణలో గుర్రం అసాధారణంగా చెమర్చడం, రొప్పడం, ఆగిన తరువాత కూడ శ్వాస కుదుటపడకపోవడం కనిపిస్తే వస్త్రాన్ని వెంటనే తొలగించవలె. మందగతి విహారానికి తగిన వస్త్రం దౌడుకు తగకపోవచ్చు.

నాలుగవది వర్ణం. హంగరీ దేశీయులైన గాబోర్ హోర్వాత్, ఆయన సహచరులు 2010లో ప్రకటించిన పరిశోధన ప్రకారం జోరీగలు ధ్రువీకృత కాంతికి ఆకర్షింపబడతాయి. నల్లని, గోధుమవన్నె గుర్రాల ఒడలినుండి అట్టి కాంతి అధికంగా పరావర్తనం చెందుతుంది. తెల్లగుర్రాలపై ఈగలు తక్కువగా వాలుతాయి. టిమ్ కారో బృందం 2019లో ఇంగ్లండులో గుర్రాలకు నల్లని, తెల్లని, చారల వస్త్రాలు కప్పి పరీక్షించింది. చారల వస్త్రంపై వాలిన జోరీగలు తక్కిన రెండింటికంటె ఎంతో తక్కువ. దగ్గరకు వచ్చిన ఈగలు వేగాన్ని తగ్గించుకొని వాలలేకపోవడమే దీనికి హేతువుగా కనబడింది. అదే సంవత్సరం జపానులో నల్లని ఆవులకు తెల్లచారలు పూసినపుడు కాటు వేసే ఈగల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. కనుక చారల వస్త్రం కేవలం వేడుక కాదు. అయితే కారో పరీక్షలో వస్త్రం కప్పని తలపై వాలే ఈగల సంఖ్యలో భేదం కనబడలేదు. వస్త్రం రక్షణ అది కప్పినంత మేరకే అని దీనివల్ల స్పష్టం. వర్ణప్రభావం కూడ చూపుతో వెదకే జోరీగల విషయంలో నిరూపితమైనదే తప్ప, సర్వకీటకాలకు అన్వయించరాదు.

ఐదవది అమరిక. రొమ్ము మధ్యనుండి పిరుదు వెనుక అంచువరకు కొలిచి వస్త్రప్రమాణం నిర్ణయించవలె. చిన్నదైతే భుజాలు, మూపు ఒరుసుకొని రోమం ఊడుతుంది. పెద్దదైతే జారి కాళ్లకు తగులుతుంది. పట్టీలు పొట్టపట్టీకి, రికాబులకు చిక్కుకొనరాదు. రౌతు మడమకు, గుర్రపు ప్రక్కకు నడుమ వస్త్రపు మడతలు చేరితే అతని సంజ్ఞ గుర్రానికి అందదు.

ఆరవది శిరోరక్షణం. చెవులకు అల్లికటోపీ, ముక్కుకు చిన్నవల, కన్నులకు పారదర్శకమైన జాలి లభిస్తాయి. బయలులో వాడే ముఖాచ్ఛాదనం చూపును కొంత మందగింపజేస్తుంది. స్వారీకై ప్రత్యేకంగా తయారైనదానినే కళ్లెంతో వాడవలె.

కొన్ని వస్త్రాలకు పర్మెత్రిన్ వంటి కీటకనాశినులు పట్టించి అమ్ముతారు. ఈ ద్రవ్యం పిల్లులకు, చేపలకు విషం. అట్టి వస్త్రాన్ని పిల్లి పడుకొనే చోట ఉంచడం, చెరువులో ఉతకడం తగదు.

ప్రయోగవిధానం

క్రొత్త వస్త్రాన్ని తొలిసారి ధరింపజేసిన వెంటనే ఆరోహణం చేయరాదు. ముందుగా వస్త్రాన్ని వాసన చూడనిచ్చి, మెడపైన, వీపుపైన మెల్లగా తాకించి, ఆవరణగల చోట చేతితో నడిపించవలె. తోక క్రింది త్రాడు తగిలినపుడు, వస్త్రపు అంచు గాలికి ఎగిరినపుడు బెదరని గుర్రంపైననే ఎక్కవలె. ప్రతి స్వారీ తరువాత వస్త్రాన్ని తీసి ఒడలు తడిమి ఒరుపులు చూడవలె. చెమట ఎండి గట్టిపడిన గుడ్డ చర్మాన్ని గీరుతుంది కనుక తరచు ఉతకడం అవసరం.

కాలనియమం కూడ వస్త్రమంత ముఖ్యం. జోరీగలు గాలి స్తంభించిన ఎండవేళ విజృంభిస్తాయి. క్యులికాయిడీస్ దోమలు సంధ్యాసమయాలలో తిరుగుతాయి. బలహీనంగా ఎగురుతాయి కాబట్టి గాలి వీచే మిట్టలపై నిలువలేవు. నీటి ఒడ్డును, బురదనేలను, పేడకుప్పలను విడిచి మార్గాన్ని ఎన్నుకొంటే సగం దంశనివారణం జరిగినట్లే.

ఉపసంహారం

అన్ని గుణాలు పూర్ణంగా గల వస్త్రం లేదు. సూక్ష్మమైన అల్లిక దోమను ఆపి వేడిని నిలుపుతుంది. విరళమైన అల్లిక గాలిని ఇచ్చి దోమను రానిస్తుంది. దేశం, కాలం, కీటకజాతి, గుర్రపు చర్మతత్త్వం, స్వారీవేగం అనే అయిదింటిని తూచి నిర్ణయించవలసి ఉన్నది. వస్త్రం కొనడంతో బాధ్యత తీరదు. వస్త్రం ఉన్నప్పటికీ తల విదిలించే గుర్రాన్ని శిక్షించక, దిగి కారణం వెదకేవాడే దాని ఉద్దేశాన్ని ఎరిగినవాడు. దిలీపునికి జాలిగుడ్డ లేదు. కాని ధేనువు ఎక్కడ బాధపడుతున్నదో చూచే కన్ను ఉన్నది. వస్త్రనిర్ణయం ఆ కన్నుతో ఆరంభం కావలె.