పదమూడో పిన్ను, ఎనిమిదో పిన్ను

ఆర్డుయినో మెగా బోర్డులో 13వ పిన్నుకు ఒక ఎల్‌ఈడీ, 8వ పిన్నుకు మరొకటి తగిలించారనుకోండి. వాటిని వెలిగించడానికి సీ భాషలో నేరుగా రిజిస్టరుకు రాసే వాక్యం రెండింటికీ ఒకే తీరులో ఉంటుంది. చిప్పు లోపల మాత్రం మొదటి దీపానికి ఒక్క ఆదేశం చాలు, రెండోదానికి మూడు కావాలి.

తేడా దీపాల్లో లేదు, చిరునామాల్లో ఉంది.

ఈ బోర్డు మీదున్న ఏటీమెగా2560 చిప్పులో పిన్నులను ఎనిమిదికి మించకుండా గుంపులు కట్టి పోర్టులన్నారు. ఒక్కో పోర్టు పిన్నులను వెలిగించి ఆర్పడానికి ఒక రిజిస్టరు, అంటే వరసగా స్విచ్చులున్న బోర్డు లాంటిది. 13వ పిన్ను పోర్ట్-బీలో, 8వ పిన్ను పోర్ట్-హెచ్‌లో ఉంటాయి.

ఒక్క బిట్టును వెలిగించే ఆదేశం పేరు ఎస్‌బీఐ. బ్యాంకుకూ దీనికీ సంబంధం లేదు! ఈ ఆదేశమంతా 16 బిట్లలో ఇమడాలి. చేయాల్సిన పనేమిటో చెప్పడానికే 8 బిట్లు పోతాయి, ఎన్నో స్విచ్చో చెప్పడానికి 3 పోతాయి. చిరునామాకు మిగిలేవి 5. వాటితో 0 నుంచి 31 దాకానే చెప్పగలం. పోర్ట్-బీ నంబరు 5 కాబట్టి పని జరిగిపోతుంది. పోర్ట్-హెచ్ కాపురం ఎక్కడో దూరంగా, మెమరీలో 258వ చోట. అక్కడి విలువను తెచ్చుకోవాలి, బిట్టు మార్చాలి, తిరిగి రాయాలి. ఎస్‌బీఐకి 2 క్లాకులు, 2 బైట్లు పడితే దీనికి 5 క్లాకులు, 10 బైట్లు పడతాయి. 16 మెగాహెర్ట్‌జ్ వేగంలో క్లాకంటే 62.5 నానోసెకన్లే.

అంత చిన్న ఆలస్యంతో వచ్చే నష్టమేమిటి అనిపించవచ్చు. అసలు చిక్కు ఆ మూడు మెట్ల మధ్య వస్తుంది. ప్రోగ్రాము పోర్ట్-హెచ్ విలువను తెచ్చుకున్న క్షణంలోనే ఇంటరప్ట్, అంటే నడుస్తున్న పనిని ఆపి మధ్యలో దూరే మరో పని వచ్చి, అదే పోర్టులోని 9వ పిన్నును వెలిగించి వెళ్లిందనుకుందాం. ప్రోగ్రాము చేతిలో ఉన్నది పాత విలువ. దాన్నే సవరించి తిరిగి రాస్తుంది. 9వ పిన్ను ఆరిపోతుంది! ఇలాంటి తప్పు పరీక్షల్లో ఒక పట్టాన దొరకదు. ఆ కాసేపూ ఇంటరప్టులను ఆపడమే మందు, దానికి మళ్లీ అదనపు ఆదేశాలు.

ఎస్‌టీఎం32 చిప్పుల్లో ఈ బెడద లేకుండా బీఎస్‌ఆర్‌ఆర్ అనే 32 బిట్ల రిజిస్టరు పెట్టారు. కింది 16 బిట్లు వెలిగించడానికి, పై 16 ఆర్పడానికి. కావలసిన చోట 1 రాస్తే చాలు, సున్నాలున్న చోట ఏదీ కదలదు. పాత విలువ చదివే పనే లేదు.

మెగా వాడేవారికి మార్గం ఇంకా సులువు. ఏ నుంచి జీ వరకు పోర్టులన్నీ ఎస్‌బీఐకి అందుతాయి. హెచ్, జే, కే, ఎల్ అందవు. డేటాషీట్‌లోని రిజిస్టర్ల పట్టికను ఒకసారి చూసుకుని, వేగంగా ఆడాల్సిన వైరును మొదటి జట్టు పిన్నుకే తగిలించండి.