మన ఊరికి అరీనా వస్తే

"టీచర్, అరీనాని తెలుగులో ఏమంటారు?"

ఒక ఆదివారం తరగతిలో ఒక చిన్నారి అడిగిన ప్రశ్న ఇది. ముందు రోజు రాత్రే ఆ పాప అమ్మానాన్నలతో అట్లాంటా వెళ్ళి హాక్స్ బాస్కెట్‌బాల్ ఆట చూసి వచ్చింది. మాకు వెంటనే జవాబు తోచలేదు. వారం రోజులు ఆలోచించి, వెతికి తెలుసుకున్న సంగతులు ఇక్కడ మీతో పంచుకుంటున్నాము.

ఇసుక, మట్టి

లాటిన్‌లో 'అరీనా' అంటే ఇసుక. పూర్వం రోమన్లు పోటీలు జరిగే చోట నేల మీద ఇసుక పరిచేవారు. కాలక్రమంలో ఇసుక పేరే ఆ కట్టడానికి పేరైంది. మన పల్లెల్లో కుస్తీ పోటీలకు మెత్తటి మట్టి పోసి సిద్ధం చేసే చోటును 'గోదా' అంటారు. ఎన్నికల్లో పోటీకి దిగినవాళ్ళను ఇప్పటికీ 'గోదాలోకి దిగారు' అంటాము కదా! వాళ్ళది ఇసుక, మనది మట్టి. కాబట్టి పాప ప్రశ్నకు మా జవాబు: అరీనాకి దగ్గర చుట్టం మన గోదా.

ఒకే నేల, ఎన్నో వేషాలు

నేటి అరీనాలో ఇసుక లేదు. అట్టడుగున కాంక్రీటు ఉంటుంది. ఐస్ హాకీ ఆడే చోట ఆ కాంక్రీటు లోపల సన్నని గొట్టాలు వేసి, వాటిలో బాగా చల్లబరిచిన ద్రవాన్ని పారిస్తారు. పైన నీళ్ళు పలుచగా, పొర మీద పొరగా చల్లుతూ గడ్డ కట్టిస్తారు. అంతా కలిపి ఆ మంచు మందం ఒక అంగుళం, అంగుళంన్నర మాత్రమే. మర్నాడు బాస్కెట్‌బాల్ ఉంటే మంచును కరిగించరు. దాని మీద చలిని ఆపే పలకలు పరిచి, ఆపైన చెక్క నేలను ముక్కలుగా తెచ్చి బిగిస్తారు. హాకీకి 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు కావాలి. బాస్కెట్‌బాల్‌కి 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు చాలు. సంగీత కచేరీ అయితే ఒక చివర వేదిక కట్టి, దీపాలను, స్పీకర్లను పైకప్పు నుంచి వేలాడదీస్తారు.

ఎందుకింత శ్రమ? ఒక బాస్కెట్‌బాల్ జట్టు మామూలు సీజన్‌లో సొంత ఊళ్ళో ఆడేది 41 ఆటలు. మిగిలిన 324 రోజులూ తలుపులు మూసి కూర్చుంటే కరెంటు బిల్లు కూడా రాదు. అందుకే హాకీ, కచేరీలు, సర్కస్, పట్టభద్రుల ఉత్సవం, ఏది వచ్చినా అరీనా ఆ వేషం కడుతుంది.

అట్లాంటా నేర్పిన పాఠం

అట్లాంటాలో 1972లో 'ఆమ్నీ' అనే అరీనా కట్టారు. దాని గోడలకు ఒక ప్రత్యేకమైన ఉక్కు వాడారు. పైపైన తుప్పు పట్టి, ఆ తుప్పే కవచంలా నిలిచి ఇంకా తుప్పు పట్టకుండా కాపాడుతుందని అనుకున్నారు. కానీ ఇక్కడి తేమ గాలికి తుప్పు ఆగనే లేదు. 1996 ఒలింపిక్స్‌లో వాలీబాల్ పోటీలు అక్కడ జరిగాయి. మరుసటి ఏడాదే దాన్ని కూల్చేశారు. పాతికేళ్ళు కూడా నిండలేదు!

అదే చోట 1999లో ఫిలిప్స్ అరీనా వచ్చింది. 2018లో పెద్ద మరమ్మతుల తర్వాత దాని పేరు స్టేట్ ఫార్మ్ అరీనా అయింది. బాస్కెట్‌బాల్‌కి సుమారు 17 వేల మంది కూర్చోవచ్చు. కోవిడ్ రోజుల్లో, 2020లో, అక్కడే ఫుల్టన్ కౌంటీ ఓటర్లు వచ్చి ముందస్తు ఓట్లు వేశారు. మన హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఆటలతోపాటు ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలూ జరిగాయి. జనం కూడే చోటు ఎక్కడైనా ఇంతే.

ఇక హాకీ కథ వేరు. అట్లాంటా ఫ్లేమ్స్ జట్టు 1972లో వచ్చి, 1980లో కెనడాలోని కాల్గరీకి తరలిపోయింది. 1999లో థ్రాషర్స్ వచ్చింది. 2011లో అదీ కెనడాలోని విన్నిపెగ్‌కి వెళ్ళిపోయింది. జట్టు సామాను సర్దుకుని వెళ్ళగలదు. కట్టడం వెళ్ళలేదు.

మన గుమ్మం ముందు

ఈ పాత కథ మనకెందుకంటారా? 2023లో మన ఫోర్సైత్ కౌంటీ దక్షిణ భాగంలో, 400 రహదారికి దగ్గరలో, 'ది గ్యాదరింగ్ ఎట్ సౌత్ ఫోర్సైత్' అనే ప్రతిపాదన వచ్చింది. సుమారు 100 ఎకరాలు, అందులో 18 వేల సీట్లకు పైగా ఉండే అరీనా, పక్కనే ఇళ్ళు, దుకాణాలు, హోటళ్ళు. హాకీ జట్టును మళ్ళీ రప్పించాలన్న ఆశ. దాని మీద కౌంటీలో చాలా చర్చ జరిగింది. అందులో ముఖ్యమైనది ప్రజల సొమ్ము. కౌంటీలు ఇలాంటి పనులకు బాండ్లు అమ్మి అప్పు తెస్తాయి. ఆ అప్పు తీరడానికి ఏళ్ళు పడుతుంది. అంటే ఇప్పుడు మా తరగతిలో గుణింతాలు దిద్దుతున్న పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళే దాకా అన్నమాట.

మాలో కొందరికి అరీనా రావాలని ఉంది. నలభై మైళ్ళు వెళ్ళి అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న పిల్లలను ఎత్తుకుని తిరిగి రానక్కరలేదని వారి సంతోషం. మరికొందరికి ఇప్పటికే సాయంత్రం 400 మీద పడే అవస్థ గుర్తొస్తుంది. ఎవరి మాటా తీసిపారేయదగ్గది కాదు. అయితే ఎటు వైపు ఉన్నవారైనా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. జట్టు రాకపోతే, వచ్చి వెళ్ళిపోతే, అప్పు ఎవరు తీరుస్తారు? ఆట లేని రోజుల్లో ఆ తలుపులు ఎవరి కోసం తెరుస్తారు? మన బడి పిల్లల నాటకానికి, ఊరి బడుల పోటీలకు అందులో చోటుంటుందా?

ఇల్లు కొన్నాము, పన్ను కడుతున్నాము, పిల్లలను ఇక్కడి బడులకు పంపుతున్నాము. ఇంకా "ఇది వాళ్ళ ఊరు, మనకెందుకులే" అనుకోవడం సబబు కాదు. కౌంటీ కమిషనర్ల సమావేశాలు మన కమ్మింగ్‌లోనే జరుగుతాయి, ఎవరైనా వెళ్ళి వినవచ్చు. ఒక్కసారి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి.

చిన్నారులూ, మీకో పని. మన ఊళ్ళో అరీనా ఉంటే ఆట లేని రోజున అందులో ఏం జరగాలని మీకుందో తెలుగులో అయిదు వాక్యాలు రాసి వచ్చే ఆదివారం తీసుకురండి. తప్పులున్నా ఫరవాలేదు, మేము దిద్దుతాము. గోదాలోకి దిగితేనే కదా కుస్తీ వచ్చేది!