ఘాట్ రోడ్డులో పాత పాల లారీ

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే దారిలో పాత లారీ కిర్రుమంటే, "వయసైపోయింది" అని నవ్వి ఊరుకుంటున్నారు. ఊరుకోదగిన విషయం కాదు.

మలుపులో ముందు ఎడమ చక్రం గట్టెక్కి, అదే వైపు వెనక చక్రం గోతిలో దిగితే ఛాసిస్ మెలిపడుతుంది. 1954లో జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా-బెంజ్ లారీల నాటి నుంచీ ఛాసిస్ కొంత మెలిపడేటట్టే ఉంటుంది. ఆ మెలిక బాడీని విరవకుండా మధ్యలో రబ్బరు బుష్షులు, చెక్క ప్యాకింగు ఉంటాయి. వానకు చెక్క ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది, రబ్బరు ఎండి పగులుతుంది, యూ-బోల్టులు వదులవుతాయి. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. 50 క్యాన్లయితే 2 టన్నుల పైమాటే. వదులు బాడీని ఆ బరువు ప్రతి మలుపులోనూ పక్కకు లాగుతుంది.

చాలామంది బాడీని ఛాసిస్‌కు వెల్డింగు చేయిస్తారు. చప్పుడు ఆగుతుంది, నిజమే. కానీ మెలికంతా ఆ అతుకు దగ్గర చేరి ఛాసిస్ అక్కడే చీలుతుంది. ఒక లారీలో అటువంటి పగులును మట్టి కడిగాక గాని మేము చూడలేదు. ముందురోజే అది నిండు క్యాన్లతో ఘాట్ దిగింది!

కనుక ఖాళీ లారీని చదును నేల మీద నిలిపి, కడిగి, బోల్టు కన్నాల చుట్టూ చూడవలెను. బుష్షులు, ప్యాకింగు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. యూ-బోల్టు పట్టేచోట ఛాసిస్ గాడిలో చెక్క దిమ్మ పెట్టకపోతే అంచు వంగుతుంది (సైలెన్సరు దగ్గర మాత్రం ఇనుప ముక్కే పెట్టాలి). బరువుతో నాలుగు ట్రిప్పులు తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి. పగులు కనబడితే ఆ పూట పాలు వేరే బండిలో పంపండి.