నేల ఎవరి పేరున ఉంది?

మా వీధికి మూడు పేర్లు. పోస్టుమ్యాన్‌కు అది ఎన్.ఎం. జోషి మార్గ్. మా బాపు, ఆయన దోస్తులు మాత్రం చివరిదాకా డిలైల్ రోడ్ అనే అన్నారు. మూడో పేరు నేను దాదాపు అరవయ్యో ఏట విన్నాను. ఇళ్లు చూపించడానికి వచ్చిన బ్రోకరు కుర్రాడు "ఇది అప్పర్ వర్లి, మేడం" అన్నాడు. "నేను ఇక్కడి చాల్‌లోనే పుట్టిన బాబూ, ఇది లోయర్ పరేల్" అన్నాను. "లోయర్ అంటే రేటు పలకదు" అని నవ్వేశాడు. ఉన్న మాట దాచకుండా చెప్పాడు కదా అని నాకూ నవ్వొచ్చింది.

ముంబయి నడిబొడ్డున ఉన్న పరేల్, లాల్‌బాగ్, చించ్‌పోక్లి, వర్లి, ప్రభాదేవి ప్రాంతాన్ని కలిపి మరాఠీవాళ్లు గిరణ్‌గావ్ అంటారు. గిర్ణీ అంటే మిల్లు. మగ్గం కూడు పెట్టని రోజుల్లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి మా పద్మశాలీలు రైలెక్కి వచ్చి దిగింది ఇక్కడే. బాపు 1958లో సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి వచ్చాడు. మొదట్లో బద్లీ పని. అంటే పక్కావాడు నాగా పెడితేనే ఆ పూట కూలి. భోంగా, అంటే మిల్లు కూత, మోగకముందే గేటు దగ్గర నిలబడాలి. పిలిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. అమ్మ పదకొండు మంది ఒంటరి కార్మికులకు నెలవారీ లెక్కన రెండు పూటలా వండిపెట్టేది. ఆ డబ్బుతోనే మా గది వచ్చింది.

ఆ గది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాల్ అంటే వరండా వెంట వరుసగా ఒంటిగదులున్న భవనం. మా గది నూట ఎనభై చదరపు అడుగులు, వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. దాన్ని మేము కొన్నామని అనలేను, కిరాయికున్నామనీ అనలేను. పగ్డీ పద్ధతి అంటారు. మొదట్లో పెద్ద మొత్తం ఇస్తాం, తరవాత తరాల తరబడి నామమాత్రపు కిరాయి కడతాం. గది పిల్లలకు వస్తుంది, అమ్ముకోవచ్చు కూడా. అమ్మినప్పుడు మాత్రం సొమ్ములో సుమారు మూడో వంతు చాల్ మాలికు సేఠుకు ముట్టజెప్పి, కొన్నవాడి పేరున కొత్త కిరాయి రసీదు రాయించాలి. చాలాకాలం చాటుగా సాగిన ఈ పగ్డీని 1999 నాటి మహారాష్ట్ర కిరాయి చట్టం ఒప్పుకుంది. బాపు ప్రతి దీపావళికి గోడలకు సున్నం వేస్తూ ఒక మాట అనేవాడు: "సున్నం మనది బిడ్డా, నేల సేఠుది."

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లులు వదిలి బయటికొచ్చారు. దాన్ని ఫలానా రోజున విరమించామని ఎవరూ ప్రకటించలేదు. అలా అలా నీరుగారిపోయింది. బట్ట నేసే పని భివండి మరమగ్గాలకు తరలింది, వెనకాలే బాపూ వెళ్లాడు. ఆదివారాలు మాత్రం డిలైల్ రోడ్‌కు వచ్చేవాడు.

నడవని మిల్లు కింద నేల మిగిలింది. గిరణ్‌గావ్‌లో అది సుమారు ఆరు వందల ఎకరాలు, అదీ ముంబయి మధ్యలో. 1991లో వచ్చిన నియమం ప్రకారం మిల్లు స్థలం అభివృద్ధి చేస్తే మూడో వంతు ఖాళీ జాగాగా నగరానికి, మూడో వంతు ప్రభుత్వ ఇళ్లకు, మూడో వంతు యజమానికి. వినడానికి ధర్మంగానే ఉంది కదా! 2001లో చిన్న సవరణ చేశారు. పంచవలసింది మొత్తం స్థలాన్ని కాదు, అప్పటికి కట్టడాలు లేకుండా ఖాళీగా పడి ఉన్న ముక్కను మాత్రమే అన్నారు. మిల్లంటే గోడ నుంచి గోడ దాకా షెడ్లే. ఇక ఖాళీ ఎంత ఉంటుంది? హైకోర్టు ఆ సవరణను తప్పుబట్టింది, 2006లో సుప్రీంకోర్టు సమర్థించింది. నా లెక్కలో ఈ ప్రాంతం మారింది టవర్లు లేచినప్పుడు కాదు, ఆ సవరణ వచ్చినప్పుడే.

ధర ఎలా పెరిగిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ వారి ముంబయి టెక్స్‌టైల్ మిల్లు స్థలాన్ని, సుమారు 17 ఎకరాలను, 2005లో డీఎల్‌ఎఫ్ 702 కోట్లకు కొన్నది. 2012లో లోధా సంస్థకు 2,727 కోట్లకు అమ్మింది. ఆ ఏడేళ్లలో అక్కడ నివాసానికి ఒక్క ఇల్లూ లేవలేదు.

నేను మునిసిపాలిటీ తెలుగు మీడియం బడిలో పంతులమ్మగా చేసి 2021లో రిటైరయ్యాను. బాపు అంతకు రెండేళ్ల ముందే పోయాడు. చాల్ మెట్లు విరిగిపోతున్నాయి, రాత్రిపూట వరండా చివరికి నడవడం నా మోకాళ్ల వల్ల కావడం లేదు. కళ్యాణ్‌లో ఉండే తమ్ముడు "మా దగ్గరికి రా అక్కా" అన్నాడు. నాకు డిలైల్ రోడ్ వదలబుద్ధి కాలేదు. గది అమ్మాం, సేఠు వాటా సేఠుకు పోయింది, తమ్ముడు తన వాటా నాకు అప్పుగా వదిలాడు, నా పీఎఫ్, గ్రాట్యుటీ కలిపాను. బ్యాంకు అప్పు ఆశ పెట్టుకోలేదు. ఈ వయసులో ఎవరిస్తారు?

మొదట ఒక టవర్‌కు తీసుకెళ్లారు. ఇరవై ఏడో అంతస్తు కిటికీలోంచి సముద్రం కనిపించింది, కింద మా చాల్ కప్పు మీది నీలం టార్పాలిన్ కూడా కనిపించింది. నెలవారీ మెయింటెనెన్సు ఎంతని అడిగాను. నా పింఛనులో సగానికి పైనే. అక్కడితో సముద్రానికి దండం పెట్టేశాను. టవర్లు చూసేవాళ్లకు ఒక మాట: ధర అడిగేముందు కార్పెట్ ఏరియా అడగండి. గోడల లోపల మీరు చాప పరుచుకోగలిగిన చోటు అది. ఇళ్ల అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం వచ్చాక కొత్త ప్రాజెక్టుల్లో దాని లెక్కనే చెప్పి అమ్మాలి. అయినా బ్రోకర్ల నోట పాత లెక్కలే తిరుగుతుంటాయి.

రెండోది ధర తక్కువ, వంటగదిలో వెలుతురు బాగుంది. ఓసీ, అంటే ఆక్యుపేషన్ సర్టిఫికెట్ చూపించమన్నాను. "ఈ లైన్లో ఎవరికీ లేదు మేడం, అందరూ ఉంటూనే ఉన్నారు" అన్నాడు. అదే మాట నమ్మి వర్లిలోని క్యాంపా కోలా కాంపౌండ్‌లో జనం కొన్నారు. అది ఒకప్పుడు శీతల పానీయాల కంపెనీకి మునిసిపాలిటీ లీజుకిచ్చిన స్థలం. ఇళ్లు కట్టుకోవడానికి తరవాత అనుమతి వచ్చింది, అదీ అయిదు అంతస్తులకే. ఒక భవనం ఇరవై అంతస్తులు లేచింది. పాతికేళ్లకు పైగా కాపురాలు చేశాక, 2013లో సుప్రీంకోర్టు అక్రమ అంతస్తులు కూల్చమంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

చివరికి కొన్నది నాలుగంతస్తుల పాత సొసైటీలో రెండో అంతస్తు, 380 చదరపు అడుగుల కార్పెట్. లిఫ్టు లేదు. సీలింగు మీద తేమ మరకలున్నాయి. మరి ఎందుకు కొన్నానంటే, కార్యదర్శి బీరువా తెరిచి కన్వేయన్స్ పత్రం చూపించాడు. ఇది చాలామంది అడగరు. ఫ్లాటు మన పేరున రిజిస్టరైనంత మాత్రాన కింది నేల మన సొసైటీది అయిపోదు. బిల్డరో, పాత యజమానో దాన్ని సొసైటీకి బదలాయించాలి. ముంబయిలో ఎన్నో సొసైటీలకు ఆ బదలాయింపు జరగనే లేదు. బిల్డరు చెయ్యకపోతే అధికారుల ద్వారా చేయించుకునే దారి ఉంది, డీమ్డ్ కన్వేయన్స్ అంటారు. రేపు భవనం పడగొట్టి కొత్తది కట్టే రోజు వస్తే, బేరమాడే హక్కు ఈ కాగితం ఉన్నవాళ్లదే. సిటీ సర్వే ఆఫీసు నుంచి ప్రాపర్టీ కార్డు నకలు కూడా తెప్పించాను. నేల సొంతదారు గడిలో సొసైటీ పేరు ఉంది. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను.

ధర కోటీ ముప్పై అయిదు లక్షలు. 2022 చివర్లో ముంబయి స్టాంపు డ్యూటీ ఆరు శాతం. ఆడవాళ్ల పేరున కొంటే ఒక శాతం తగ్గింపు, నాకు లక్షా ముప్పై అయిదు వేలు మిగిలాయి. అప్పట్లో దానికో తిరకాసు ఉండేది: పదిహేనేళ్లదాకా మగవాళ్లకు అమ్మకూడదు. 2023లో ఆ షరతు తీసేశారు.

ఇంత జాగ్రత్తపడీ ఒకచోట బోర్లాపడ్డాను. సొసైటీ మరమ్మతు నిధిలో ఎంత ఉందో అడగలేదు. చేరిన ఆరు నెలలకు తలా రెండు లక్షలు కట్టమన్నారు. గత మూడేళ్ల సమావేశాల మినిట్స్ పుస్తకం చూసి ఉంటే ముందే తెలిసేది. నేలకు సంబంధించిన కాగితాలన్నీ చూశాను, కప్పు సంగతి మరిచాను.

ఇక్కడ బతకడమంటారా? ఆటోలు రావు, నగరంలోని ఈ భాగంలో టాక్సీలే. మధ్యాహ్నం ఒంటిగంటకు మిల్లు కాంపౌండ్లలోని ఆఫీసుల నుంచి జనం తిరునాళ్లలా రోడ్డు మీదికి వస్తారు. మిల్లు కార్మికుల కోసం కట్టిన స్టేషన్లు, వంతెనలు, సందులు ఇంత మంది కోసం కట్టినవి కావు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ నడక వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది పోయారు. అదే ఏడాది డిసెంబరులో కమలా మిల్స్ ఆవరణలోని రెస్టారెంట్లలో మంటలంటుకుని 14 మంది. మా డిలైల్ రోడ్ వంతెన 2018లో మూసి, పూర్తిగా తెరిచేసరికి 2023 నవంబరు అయింది. అయిదేళ్లు అవతలి కూరల బజారుకు పోవడమంటే ఊరు మారినట్టుండేది.

వానాకాలం సంగతీ ఉంది. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రాన్ని ఆపకముందు ఈ పల్లపు నేల పోటుకు మునిగేది. నీళ్లు ఆ సంగతి మరిచిపోలేదు. 2025 మే నెలలో తెరిచిన ఆచార్య ఆత్రే చౌక్ మెట్రో స్టేషన్ నెల తిరక్కముందే, తొలి పెద్ద వానకే మునిగింది. ఇల్లు చూడటానికి వస్తే జులైలో రండి, ఎండాకాలంలో ప్రతి వీధీ అందంగానే ఉంటుంది.

అయినా ఉదయం ఆరింటికి బతుకమ్మ పూల కోసం దాదర్ బజారుకు పదిహేను నిమిషాల్లో చేరుకోగలను. తంగేడు దొరకదు. బంతి, చామంతితో సరిపెట్టి, వర్లి చాళ్ల ఆడవాళ్లతో కలిసి ఆడతాం. వాళ్లుండే పాత బీడీడీ చాళ్లను పడగొట్టి కడుతున్నారు, నూట అరవై అడుగుల గదులకు బదులు అయిదు వందల అడుగుల ఫ్లాట్లు వస్తున్నాయి. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. కొత్త ఇంట్లో మెయింటెనెన్సు ఎంతవుతుందోనని వాళ్ల దిగులు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆజామాబాద్ వైపు ఏదో చూస్తున్నాడట. "అత్తమ్మా, సెంటర్‌లో ఉంటది, కొనొచ్చా?" అని ఫోను చేశాడు. అక్కడి కార్ఖానాల స్థలాలు ప్రభుత్వం లీజుకిచ్చినవి, వాటి మీద 1992లో ప్రత్యేక చట్టమే వచ్చింది. "ముందు నేల ఎవలదో అడుగు బిడ్డా, గోడల సంగతి తర్వాత" అన్నాను.

మూతపడిన మిల్లుల కార్మికులకు ప్రభుత్వం కేటాయించే ఇళ్ల కోసం లక్షన్నరకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2012 జూన్‌లో మొదటి లాటరీ తీసి 6,925 ఇళ్లు కేటాయించారు. బాపు దరఖాస్తు కూడా ఆ లక్షన్నరలో ఉంది, ఇప్పుడు వారసురాలిగా నేను చూసుకుంటున్నాను. 2020లో శ్రీనివాస్ మిల్లు, బాంబే డైయింగ్ స్థలాల్లోని ఇళ్లకు మళ్లీ తీసినప్పుడూ జాబితా అంతా వెతికాను. బాపు పేరు ఇంకా రాలేదు.