తట్టువ: అశ్వశాస్త్రదృష్టి, కృష్ణాడెల్టాలో పోషణము

అమరసింహుడు గుఱ్ఱమునకు ఘోటకము, తురగము, వాజి, హయము, సైంధవము మొదలుగా పదమూడు పేర్లు చెప్పినాడు. పొట్టి గుఱ్ఱమునకు ప్రత్యేకనామము వానిలో లేదు. తెలుగున తట్టువ యను మాట కలదు. విజయవాడ వీథులలో ఒకప్పుడు జట్కాబండ్లను లాగినవి ఈ తట్టువలే. జట్కాలు పోయి ఆటోలు వచ్చినవి. ఇప్పుడు తోటలలో ముచ్చటకై పొట్టి గుఱ్ఱములను పెంచువారు అక్కడక్కడ కనబడుచున్నారు. వారిలో కొందఱు దానిని ఆటబొమ్మగా చూతురు. కొందఱు గేదెను మేపినట్లు మేపుదురు. రెండును దాని ప్రాణము మీదికి తెచ్చునవియే.

కౌటిల్యుడు అశ్వాధ్యక్షప్రకరణమున ఉత్తమాశ్వమునకు పిక్క యిరువది అంగుళములనియు, ఎత్తు దానికి నాలుగు రెట్లనియు చెప్పినాడు. అనగా ఎనుబది అంగుళములు. శాస్త్రాంగుళమును ముప్పాతిక ఇంచిగా గ్రహించినచో అది అఱువది ఇంచులగును. నేటి లెక్కలో సుమారు ఏబదియెనిమిది ఇంచులకు లోబడినది పోనీ. కావున కౌటిల్యుని మేటి గుఱ్ఱము పోనీకంటె రెండించులు మాత్రమే ఎక్కువ! 1978లో ఏర్పడిన అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ తన జాతికి విధించిన హద్దు ముప్పదినాలుగు ఇంచులు, అనగా నలుబదియైదు అంగుళములు. కాంభోజ, సైంధవ, ఆరట్ట, వనాయుజములు శ్రేష్ఠములనియు, బాహ్లికాదులు మధ్యమములనియు చెప్పి, కౌటిల్యుడు తక్కినవానినన్నిటిని ‘శేషములు’ అని త్రోసివేసినాడు. మన తట్టువ ఆ శేషములలోనిదే.

స్వభావమును బట్టి ఆయన గుఱ్ఱములను తీక్ష్ణము, భద్రము, మందము అని మూడు విధములుగా విభజించి, పనిని దాని ననుసరించి నిర్ణయింపుమన్నాడు. ఈ విభాగము పొట్టిదానికిని చెల్లును. చిన్నది గనుక భద్రమని తలచుట పొరపాటు. గున్నగుఱ్ఱము ముద్దుగా చేయి కొఱికినపుడు నవ్వి ఊరకున్నచో పెరిగిన పిదప అదియే దానికి అలవాటగును. చెవులు వెనుకకు అదిమిపెట్టినచో కోపము, ముందుకు నిక్కించినచో ఆసక్తి. ఈ మాత్రము తెలియనివారు దానిని మొండిదందురు. దేవమణి మొదలగు సుడులను పరీక్షించి కొనుట మన వారి ఆచారము. మనుమంచి భట్టు హయలక్షణ విలాసము వంటి గ్రంథములు వెలసిన నేల యిది. సుడి కంఠమున నున్నను లేకున్నను, నోరు తెఱచి పండ్లు చూచుట, నడిపించి గిట్టలు చూచుట మేలని నా అభిప్రాయము.

అశ్వశాలను గూర్చి అర్థశాస్త్రము చెప్పినది మిక్కిలి విలువైనది. నున్నని పలకలు పఱచిన నేల, మలమూత్రములు పోవు దారి, మధ్య పొర్లుటకు చోటు ఉండవలెను. కోతి, నెమలి, ముంగిస, చిలుక, గోరువంక మొదలగునవి శాలయందుండవలెనట. దీనిని వింతగా చదివి విడిచిపెట్టుదుము. కాని గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. ఒంటరిగా కట్టివేసినచో దిగులుపడి కొయ్య కొఱుకును, మేత తగ్గించును. రెండవ తట్టువ లేనిచోట మేకనైనను తోడుంచుట మంచిది.

మేత విషయమున డెల్టాలో పొరపాట్లు ఎక్కువ. గుఱ్ఱమునకు జీర్ణాశయము చిన్నది, ఆవువలె నెమరువేయదు, వాంతి చేసికొనలేదు. కావున కొంచెము కొంచెముగా పలుమార్లు మేయవలెను. ఒక్కమాఱుగా గింజ పెట్టినచో శూల వచ్చును. శూల వచ్చిన గుఱ్ఱము మాటిమాటికి డొక్కవైపు చూచుచు, పడి పొర్లును. అప్పుడు ఇంటివైద్యముతో కాలము గడపక పశువైద్యుని పిలువవలెను. గరిక దీనికి ముఖ్యాహారము. వరిగడ్డి నాసిరకపు మేత. అది యొక్కటియే చాలదు. రైసుమిల్లుల వలన తవుడు ఇచట సులభము, కాని దానిలో భాస్వరము ఎక్కువ, సున్నము తక్కువ. దానినే ప్రధానముగా పెట్టినచో ఎముకలు గుల్లబాఱి ముఖము ఉబ్బును. ఉలవలు పనిచేయు జట్కాగుఱ్ఱమునకు తగినవే. తోటలో నిలుచుండు పొట్టిదానికి పిడికెడు చాలును. పోనీజాతి కొలది మేతతోనే క్రొవ్వు పట్టును. అట్లు బలిసినదానికి బెల్లము, అన్నము పెట్టుచుండినచో గిట్టలోపలి పొరలు వాచును. అది అడుగు తీసి అడుగు వేయలేక ముందుకాళ్లు చాచి, బరువును వెనుకకాళ్లపై మోపి నిలుచుండును. దయతో చేసిన హింస ఇది.

గిట్టలను ఆఱు లేక ఎనిమిది వారముల కొకమాఱు చెక్కింపవలెను. మెత్తని నేలపై తిరుగు తట్టువకు లాడము అక్కఱలేదు. వానకాలపు బురద మాత్రము ప్రమాదకరము: గిట్ట అడుగు కుళ్లి దుర్వాసన వచ్చును. ప్రతిదినము గిట్ట ఎత్తి, మట్టి గీకి, ఆఱనిచ్చుటయే ఉపాయము. వేసవి ఉక్కలో చెమట ఆఱదు గనుక నీడ, చల్లని నీరు, నాకుటకు ఉప్పు తప్పనిసరి. పిల్లల నెక్కించువారు దాని బరువులో ఐదవవంతు మించకుండ చూడవలెను. నూఱు కిలోల తట్టువకు ఇరువది కిలోల బిడ్డ హద్దు. జీను బరువు కూడ అందులోనిదే.